సంక్రాంతికి వదలాలా, వాయిదా వేయాలా?

ప్రశ్న: అక్కా, మాది నంద్యాల. బెంగళూరు బీటీఎం లేఔట్‌లో ముగ్గురు స్నేహితులం రెండేళ్లుగా ఒక కంప్యూటర్ గేమ్ చేస్తున్నాం. ఆటలో మనం ఆర్టీసీ బస్సు డ్రైవర్. సాయంత్రం శ్రీశైలంలో బయలుదేరి, నల్లమల ఘాట్ రోడ్డు మీదుగా, రాత్రి 9కి అడవి చెక్‌పోస్టు గేటు వేసేలోగా దాటెయ్యాలి. ఒక ట్రిప్పు 50 నిమిషాలు, మొత్తం పన్నెండు ట్రిప్పులు. సంక్రాంతికి రిలీజ్ అని స్టీమ్ (కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం) పేజీలో పెట్టేశాం, ఇంకా రెండు నెలలే ఉంది. ఇప్పుడు మా ప్రోగ్రామర్ మే నెల మధ్య దాకా వాయిదా వేద్దామని పట్టుబట్టాడు, క్వాలిటీ లేకుండా వదిలితే పరువు పోతుందంటాడు. వాడి లిస్టు ఇదీ: చెక్‌పోస్టు దాటాక ఒక్కోసారి సేవ్ (అక్కడిదాకా ఆడినదాని రికార్డు) పోతోంది, గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో మలుపుల దగ్గర ఆట నత్తనడక నడుస్తోంది, ఆడుతుండగా కంట్రోలర్ పీకేస్తే మొత్తం బిగుసుకుపోతోంది, నిలబడ్డ ప్రయాణికుల తలలు బస్సు టాపులోంచి బయటికొస్తున్నాయి. ఇవి కాక వాన, కండక్టర్‌గా రెండో మనిషి ఆడే మోడ్, కన్నడం, తమిళం, ఫోటో మోడ్ పెట్టాలంటాడు. నేనేమో చెప్పిన రోజుకే వదిలేసి తర్వాత ప్యాచ్ (నెట్ ద్వారా పంపే దిద్దుబాటు) వేసుకుందాం అంటున్నాను. బ్యాంకులో ఐదున్నర లక్షలు మిగిలాయి, నెలకి లక్షా పది వేలు ఖర్చు. అందులో మా బావ ఇచ్చిన డబ్బు కూడా ఉంది. మా ఆర్టిస్టు అమ్మాయి జీతం లేకుండా వాటా మీద చేస్తోంది, తను ఏమీ మాట్లాడట్లేదు. మేమిద్దరం మాట్లాడుకుని వారమైంది. క్వాలిటీ కోసం వాయిదా వేయడం న్యాయమేనా అక్కా?

సమాధానం:

తమ్ముడూ, వాయిదా వెయ్యండి. కానీ మే దాకా కాదు, మార్చి రెండో వారం దాకా. అదీ మీవాడు చెప్పిన తొమ్మిది పనుల కోసం కాదు, అందులో మూడింటి కోసం. (గేటు మూసేలోగా చేరాలనే ఆట చేస్తూ గడువు దాటొచ్చా అని అడిగావు చూడు, ఉత్తరం చదువుతూ నవ్వాపుకోలేకపోయాను. ఏమనుకోకు.)

ఆ లిస్టు కాగితం మీద రాసుకుని పెన్నుతో గీతలు కొట్టుకుంటూ చదివాను. మొదటి నాలుగూ మరమ్మతులు, తర్వాతి ఐదూ ముచ్చట్లు. రెంటినీ కలిపి ఒకే కాగితం మీద రాసి పైన క్వాలిటీ అని పేరు పెట్టాడు, అసలు చిక్కంతా అక్కడే ఉంది. సేవ్ పోవడం క్వాలిటీ సమస్యే, ఒప్పుకుంటాను. వాన లేకపోవడం ఎందుకవుతుంది? వాన కురుస్తుందని మీరు ఎవరికైనా మాటిచ్చారా?

నా సంగతి చెప్తాను. పన్నెండేళ్ల కిందట దొమ్మలూరులో ఒక చిన్న గేమ్ కంపెనీలో టెస్టర్‌గా చేశాను. పేరు వద్దులే. ఫోన్లలో ఆడుకునే క్రికెట్ ఆట. రిలీజ్‌కి పది రోజుల ముందు బోర్డు మీద 214 బగ్గులు, అంటే ఆటలో తప్పులు, ఉన్నాయి, అందరం కూర్చుని మూడు నెలలు వాయిదా వెయ్యాలని తేల్చాం, నేనే అందరికన్నా గట్టిగా అరిచాను. ఆ సాయంత్రం పండగలా అనిపించింది. మర్నాడు పొద్దున మా ఓనరు వచ్చి, టైమ్ ఉంది కదా, ఆటగాళ్ల వేలంపాట కూడా పెడదాం అన్నాడు. వారం తర్వాత, టైమ్ ఉంది కదా, స్టేడియం లైట్లు మారుద్దాం. నా పక్కన కూర్చునే కన్నడ కుర్రాడు ఏది అడిగినా 'ఆగుత్తె, ఆగుత్తె' అనేవాడు, అయిపోతుందిలే అని. పాపం నిజంగానే చేసేవాడు, రాత్రి రెండింటికి చేసిన పని పొద్దున నేను టెస్ట్ చేస్తే కొత్త వేలంపాట పనిచేసేది, పాత స్కోరుబోర్డు పోయేది. మూడో నెల చివర బోర్డు మీద 340 ఉన్నాయి. వాయిదా వేసి మేం కొనుక్కుంది మరో 126 బగ్గులు. ఆఖరికి ఆట వచ్చింది, వచ్చిన సంగతి మాకు తప్ప ఎవరికీ తెలియలేదు. ఆ కంపెనీ ఉన్న చోట ఇప్పుడు పళ్ల డాక్టరు ఉన్నాడు.

అందుకే వాయిదా అనే మాట వినగానే నేనడిగేది ఒకటే, తలుపు మూస్తున్నారా? అంటే ఈ రోజు నుంచి కొత్తది ఒక్కటి కూడా ఆటలోకి రాదు, ఉన్నదాన్ని బాగుచెయ్యడమే అని ముగ్గురూ ఒప్పుకుంటే అది వాయిదా. ఒప్పుకోకపోతే ఊరికే రిలీజ్ రోజుని దూరం జరుపుకుంటున్నారంతే.

పెద్దవాళ్లకీ ఇదే జరిగింది. సైబర్‌పంక్ 2077 గుర్తుందా, ఒక మహానగరమంతా తిరిగే పెద్ద ఆట? 2020 ఏప్రిల్ 16 అన్నారు, సెప్టెంబర్ 17 అన్నారు, తర్వాత నవంబర్ 19, చివరికి డిసెంబర్ 10. అన్నిసార్లు జరిపాక కూడా పాత ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ మీద అది ఎంత అధ్వానంగా నడిచిందంటే, రిలీజయిన వారానికే సోనీ తన స్టోర్లోంచి తీసేసి అడిగినవాళ్లకి డబ్బు వెనక్కిచ్చింది. మళ్లీ అమ్మకానికి పెట్టింది 2021 జూన్‌లో. ఇందులో మీవాడికి చూపించాల్సిన సంగతి ఏమిటంటే, మూడుసార్లు వాయిదా వేసినా బాగుపడలేదు, ఎందుకంటే 2013లో వచ్చిన మెషీన్ మీద అంత పెద్ద ఊరిని నడపాలనే అసలు పేచీ అలాగే ఉండిపోయింది. నీకు చూపించాల్సింది ఇంకొకటుంది. ఆట నిజంగా బాగుపడిందని జనం ఒప్పుకున్నది 2023 సెప్టెంబర్‌లో 2.0 అప్‌డేట్ వచ్చాక. ప్యాచ్ వేసుకుందాం అన్నావు కదా, వాళ్లు వేసిన ప్యాచ్‌కి దాదాపు మూడేళ్లు పట్టింది, అదీ వందల మంది ఉద్యోగులతో.

మీవాడు నీకు ఇప్పటికే ఒక సామెత వినిపించి ఉంటాడు. ఆలస్యమైన ఆట ఎప్పటికైనా బాగుంటుంది, తొందరపడి వదిలిన ఆట ఎప్పటికీ చెడ్డదే అని, నింటెండో కంపెనీలో మారియో ఆట చేసిన మియామొటో అన్నాడని. ప్రతి గేమ్ ఆఫీసు గోడ మీదా ఉంటుంది. ఆయన నిజంగా ఎక్కడైనా అన్నట్టు ఎవరూ ఆధారం చూపలేకపోయారు. పైగా అది ఆటని క్యాట్రిడ్జిలో పోసి అమ్మిన రోజులకి సరిపోయే మాట, దుకాణానికి వెళ్లాక దిద్దుకునే దారి లేదు అప్పుడు. ఇక ఆలస్యమైనవన్నీ బాగుంటాయా అంటే, డ్యూక్ న్యూకెమ్ ఫరెవర్ అనే ఆటని 1997లో ప్రకటించి 2011లో వదిలారు. పద్నాలుగేళ్లు. ఎదురుచూసినవాళ్లే ఉసూరుమన్నారు.

సరే, ఇప్పుడు నీ వైపుకొద్దాం, నిన్నూ వదలను.

ప్యాచ్ వేసుకుందాం అనేవాళ్లందరూ నో మ్యాన్స్ స్కై అనే ఆట పేరు చెప్తారు. 2016 ఆగస్టులో వచ్చి నానా తిట్లు తిని, తర్వాత ఏళ్ల తరబడి ఉచితంగా అప్‌డేట్లు ఇచ్చి నిలబడింది, నిజమే. స్టీమ్‌లో దాని మొత్తం రివ్యూలు 'వెరీ పాజిటివ్' అని చూపించేసరికి 2024 చివర అయింది. వాళ్లకి మొదటి వారాల్లో వచ్చిన డబ్బు చాలాకాలం తిండి పెట్టింది. మీకు ఐదు నెలల తిండి ఉంది.

మన ఊరి ముచ్చటే చూడు. 2020 సెప్టెంబర్ 2న పబ్జీని నిషేధించారు, రెండు రోజులకే బెంగళూరు కంపెనీ ఎన్‌కోర్ వాళ్లు ఫౌజీ అనే ఆట ప్రకటించారు, దేశమంతా ఊగిపోయింది. 2021 జనవరి 26న, గణతంత్ర దినోత్సవం చూసుకుని వదిలారు. తీరా చూస్తే ఒక్క కథా మోడే ఉంది, పబ్జీలా పదిమందితో కలిసి ఆడొచ్చనుకున్న కుర్రాళ్లకి చిర్రెత్తుకొచ్చింది, ప్లే స్టోర్ రేటింగ్ చూస్తుండగానే దిగిపోయింది. పదిమందీ ఆడే మోడ్ నెలల తర్వాత గానీ రాలేదు. తేదీ అదిరిపోయింది, ఆటే అందలేదు.

నీ సంక్రాంతి కూడా అలాంటిదే. సినిమావాళ్లకి సంక్రాంతి అంటే అర్థముంది, సెలవులుంటాయి, థియేటర్లు పంచుకోవాలి, ఆ వారం పోతే థియేటర్ దొరకదు. నీ ఆటకి థియేటర్ ఎందుకు? స్టీమ్‌లో కొనే బ్రెజిల్ కుర్రాడికి భోగిమంటతో పనేముంది? ఊళ్లో చుట్టాలందరి ముందూ, మావాడి గేమ్ వచ్చిందని మీ నాన్న చెప్పుకోవాలని నీకుంది, అది నాకు అర్థమవుతోంది. ఆ కోరిక తప్పు కాదు, కాకపోతే అది కూడా ముచ్చటే, వాన లాగా.

ఇక అసలు లెక్క. స్టీమ్‌లో ఎవరైనా కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటల్లోపు అయితే, కారణం చెప్పక్కర్లేకుండా డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. మీ మొదటి ట్రిప్పు 50 నిమిషాలు అన్నావు. అంటే మనిషి చెమటలు పట్టించుకుని గేటు దాటతాడు, సేవ్ పోతుంది, అప్పటికి గంట కూడా కాలేదు. వాడు మళ్లీ మొదట్నుంచి ఆడతాడా, రిఫండ్ నొక్కుతాడా? నేనైతే నొక్కుతాను. రిఫండ్ తీసుకున్నా రివ్యూ రాసే హక్కు ఉంటుంది వాడికి. పది రివ్యూలు పడగానే పేజీ మీద తీర్పు కనపడుతుంది, 70 శాతం కన్నా తగ్గితే 'మిక్స్‌డ్' అని రంగు మారిపోతుంది. విష్‌లిస్ట్‌లో, అంటే కొనాలనుకునే ఆటల జాబితాలో, పెట్టుకున్నవాళ్లందరికీ రిలీజ్ రోజున స్టీమ్ ఒక ఈమెయిల్ పంపుతుంది, రెండేళ్లుగా ఒక్కొక్కరినీ పోగేసుకున్నారు కదా, ఆ కబురు వాళ్లకి వెళ్లేది ఆ ఒక్కసారే. గేటు దగ్గర సేవ్ మింగేసే బస్సు ఎక్కమని కబురు పెడతావా?

కాబట్టి సేవ్ బగ్ ఒక్కటి చాలు వాయిదాకి. ల్యాప్‌టాప్ నత్తనడక రెండోది, మన పిల్లల్లో గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాళ్లెందరు? కంట్రోలర్ మూడోది, చిన్న పనే. టాపులోంచి బయటికొచ్చే తలలు మాత్రం అలాగే వదిలెయ్యండి. నిజంగానే చెప్తున్నాను, పండగ రోజుల్లో మన ఆర్టీసీ బస్సు చూసినవాడెవడూ అది బగ్ అనుకోడు, వీడియో తీసి నలుగురికి పంపుతాడు.

మే ఎందుకు కుదరదో చెప్తాను, ఇది మీవాడికి కాగితం మీద రాసి చూపించు, నోటితో చెప్తే గొడవవుతుంది. ఐదున్నర లక్షలు, నెలకి లక్షా పది వేలు, అంటే ఏప్రిల్ మధ్యకి జీరో. స్టీమ్ డబ్బు అమ్మిన రోజున రాదు, ఆ నెల ముగిసి, తర్వాతి నెలాఖరుకి వస్తుంది. మార్చి రెండో వారంలో వదిలితే మొదటి డబ్బు ఏప్రిల్ చివర, అంటే పదిహేను రోజుల కొరత, 55 వేలు, ఎలాగో సర్దుకోవచ్చు, నువ్వు ఒక నెల సాయంత్రాలు ఎవరికో పని చేసిపెట్టినా వస్తుంది. మే మధ్యలో వదిలితే డబ్బు జూన్ చివర. కొరత రెండు లక్షల డెబ్భై ఐదు వేలు. అది మళ్లీ మీ బావే ఇవ్వాలి. మీ అక్క మొహం చూస్తూ అడగగలవా? సిల్క్‌సాంగ్ అనే ఆట చేసినవాళ్లు ఆరేళ్లు ఆగారు కదా అంటాడు మీవాడు. ఆగారు, 2019 ఫిబ్రవరిలో ప్రకటించి 2025 సెప్టెంబర్ 4న వదిలారు, ముగ్గురు నలుగురి టీమే. కానీ వాళ్ల మొదటి ఆట అప్పటికే కోటిన్నర కాపీలు అమ్ముడుపోయింది, అద్దె గురించి ఆలోచించే పని లేదు. జీటీఏ 6ని కూడా 2025 అని చెప్పి 2026 మే 26కి, అక్కణ్నుంచి నవంబర్ 19కి జరిపారు. అది చేస్తున్న రాక్‌స్టార్ కంపెనీకి మన బెంగళూరులోనూ స్టూడియో ఉంది, 2019లో ఇక్కడి పాత కంపెనీ ధ్రువ ఇంటరాక్టివ్‌ని కొని కలిపేసుకున్నారు. వాళ్లతో పోల్చుకుంటే బీటీఎం ఇల్లు గలవాడు నవ్వుతాడు.

మార్చి అనడానికి ఇంకో కారణముంది. స్టీమ్ నెక్స్ట్ ఫెస్ట్ ఫిబ్రవరిలో, జూన్‌లో, అక్టోబర్‌లో జరుగుతుంది. ఇంకా రిలీజ్ కాని ఆటలు డెమో, అంటే ఉచితంగా ఆడే శాంపిల్, పెట్టుకోవచ్చు, ఒక ఆటకి జీవితంలో ఒక్కసారే అవకాశం. మీరు ఇంతవరకు పెట్టినట్టు ఉత్తరంలో లేదు. సంక్రాంతికి వదిలేస్తే ఆ తలుపు శాశ్వతంగా మూసుకుపోతుంది. ఫిబ్రవరిలో మొదటి ట్రిప్పు ఒక్కటే డెమోగా పెట్టండి, అక్కడ సేవ్ నిలబడిందంటే మార్చిలో నిశ్చింతగా పడుకోవచ్చు. రిజిస్ట్రేషన్ గడువు చాలా ముందే ముగుస్తుంది, ఇది చదివిన వెంటనే చూసుకో. ఎర్లీ యాక్సెస్, అంటే పూర్తికాని ఆటనే అమ్మే ఆలోచన వస్తే పక్కన పెట్టు, పన్నెండు ట్రిప్పుల కథని సగంలో అమ్మితే రెండోసారి ఎవరూ ఎక్కరు.

టెస్టింగ్‌కి జనం లేరని సాకు చెప్పొద్దు. శుక్రవారం రాత్రి మడివాళలో నిలబడితే నంద్యాల, కడప, నెల్లూరు బస్సుల కోసం వందమంది మనవాళ్లే ఉంటారు, బస్సు ఎప్పుడూ లేటే. ల్యాప్‌టాప్ చేతిలో పెట్టి నువ్వు నోరు మూసుకుని పక్కన నిలబడు. ఎక్కడ కళ్లు చిట్లించారో, ఎక్కడ తిట్టారో రాసుకో.

ఇక ఆ ఆర్టిస్టు అమ్మాయి. ఉత్తరం అంతటిలో నాకు దిగులు పుట్టించింది ఆ ఒక్క వాక్యం. మీ ఇద్దరిదీ వాదన, వాయిదా ఖర్చు మాత్రం తనది. జీతం తీసుకునేవాడికి నాలుగు నెలల వాయిదా అంటే నాలుగు జీతాలు, వాటా మీద చేసేవాళ్లకి అది నాలుగు నెలల ఉపవాసం. సైబర్‌పంక్ వాళ్లు బలవంతపు ఓవర్‌టైమ్ ఉండదని మాటిచ్చి, 2020 సెప్టెంబర్ చివర్లో వారానికి ఆరు రోజులు తప్పనిసరి చేశారు. వాళ్లు కనీసం డబ్బిచ్చారు. మీరిద్దరూ మాట్లాడుకోవడం మొదలుపెట్టే ముందు తనని కూర్చోబెట్టి అడుగు, మార్చి దాకా గడుస్తుందా అని. గడవదంటే ఆ ఐదున్నర లక్షల్లోంచి నెలకి ఎంతో కొంత ఇవ్వండి, లెక్క మళ్లీ వేసుకోండి, అవసరమైతే కంట్రోలర్ మరమ్మతు కూడా రిలీజ్ తర్వాతకి తోసేయండి.

మీవాడితో ఎలా మొదలుపెట్టాలి అంటావా? నీ లిస్టే కరెక్టురా, మొదటి మూడూ నువ్వు చెప్పినట్టే చేద్దాం అను. తర్వాత ఆ ఐదు ముచ్చట్లనీ వేరే కాగితం మీద వాడి చేతే రాయించి, రిలీజ్ తర్వాత ఆర్నెల్లకి అని పైన తేదీ వేయించి ఫ్రిజ్ మీద అంటించు. చించెయ్యొద్దు. కండక్టర్ మోడ్ నిజంగా బాగుంటుంది, నాకే ఆడాలనిపిస్తోంది, కానీ ఇప్పుడు కాదు. ఇంకోటి, వాడు పరువు అన్నది ఊరికే అనలేదు, రెండేళ్లు కోడ్ రాసినవాడికి రిలీజ్ అంటే వణుకు ఉంటుంది, ఆ వణుకే వాన అని, తమిళం అని పేర్లు మార్చుకుని బయటికొస్తుంది.

వాయిదా సంగతి జనానికి ఒక్కసారే చెప్పండి, అదీ వచ్చే వారంలోగా. రిలీజ్ రెండు వారాల్లోకి వచ్చేశాక తేదీ మీ అంతట మీరు మార్చుకోలేరు, స్టీమ్ వాళ్లని అడగాల్సి వస్తుంది. 'మరింత మెరుగైన అనుభవం కోసం' లాంటి వాక్యం రాస్తే నేనే వచ్చి కొడతాను. గేటు దాటాక సేవ్ పోతోంది, అది సరిచేసి మార్చిలో వస్తాం అని రాయండి, అంతే. కావాలంటే గేటు మూసేసి ఉన్న బొమ్మ ఒకటి పెట్టండి.

డెమో తయారవగానే నాకూ పంపు. నా దగ్గర ఎనిమిదేళ్ల నాటి ల్యాప్‌టాప్ ఉంది, గ్రాఫిక్స్ కార్డు లేదు, ఫ్యాను రోడ్డు రోలర్‌లా అరుస్తుంది. దాని మీద ఆ మలుపులు తిరిగాయంటే ఎక్కడైనా తిరుగుతాయి. గేటు దాటాక సేవ్ ఉందో పోయిందో ఆ రాత్రే ఫోన్ చేసి చెప్తాను.